కొత్త విండోస్ వేసేముందు: ఫైళ్లు, ఫాంట్లు, సెట్టింగులు ఒక్కటీ పోకుండా

నల్లగొండలో గడియారం సెంటర్‌కి దగ్గర్లో నాది డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు నా అసలు పని, దాంతోపాటు తెలిసినవాళ్ల కంప్యూటర్లకు ఏదన్నా అయితే చూసిపెడుతుంటాను. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసిన దగ్గర్నుంచి వచ్చేవాళ్లంతా అడిగేది ఒకటే: "అన్నా, లెవెన్ వేస్తే నా ఫైళ్లు పోతయా?" దీనికి ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి పెట్టేయలేను. ఫైళ్లు కాపాడుకోవడం తేలికే, ఆ ఫైళ్లతో మళ్లీ పని చేయడానికి కావలసిన ఫాంట్లు, పాస్‌వర్డ్‌లు, ప్రింటర్ సైజులు, లైసెన్సులు, ఇవే చాలామందికి గుర్తుండవు. అందుకే తీరిగ్గా అంతా ఒకచోట రాస్తున్నాను.

నాకు జరిగింది ముందు చెప్తాను. 2020 జనవరి 14న విండోస్ 7కి సపోర్ట్ ఆగింది. ఆ నెలాఖరులో షాపు మెషీన్‌లో విండోస్ 10 వేద్దామని కూర్చున్నాను. డెస్క్‌టాప్ కాపీ చేశాను, డాక్యుమెంట్స్ కాపీ చేశాను, పని ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి దాన్ని ముట్టుకోలేదు, సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేశాను. పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ వేశాను, తెలుగు టైపింగ్‌కి, ఫాంట్లకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ వేశాను. మర్నాడు పొద్దున మాఘమాసం ముహూర్తం పత్రిక ఒకటి తెరిస్తే, ఫలానా ఫాంట్ లేదు, బదులు ఏది వాడమంటారు అని అడిగింది. ఓకే కొట్టాను. పెండ్లికూతురు పేరు ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. పార్టీ కౌంటర్ ముందు కూర్చుని ప్రూఫ్ కోసం చూస్తోంది.

అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కావు. ఫైల్ లోపల దాగి ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, వాటి మీద తెలుగు అక్షరం బొమ్మ గీసేది ఫాంటు. ఆ ఫాంటు మెషీన్‌లో లేకపోతే కింద ఉన్న ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫాంట్లు మళ్లీ వచ్చాయి గానీ, ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ కొని, చేర్చుకున్న టైటిల్ ఫాంట్లు సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్‌లో మాత్రమే ఉన్నాయి. అవి ఫార్మాట్‌లో పోయాయి. మిర్యాలగూడలో ఇదే పని చేసే ఒక మిత్రుడికి అంతకుముందు ఒక జాబ్‌తో పాటు నేను పంపిన ఫోల్డర్ అతని దగ్గర మిగిలి ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాడు. సాయంత్రం బస్టాండ్‌లో ఆ పెన్‌డ్రైవ్ చేతికి వచ్చేదాకా నాకు అన్నం దిగలేదు.

ఆ రోజు నుంచి ఒకే పద్ధతి పెట్టుకున్నాను, మీకూ అదే చెప్తున్నాను: కొత్త విండోస్ పాత డిస్కు మీద వేయొద్దు. కొత్త ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే డిస్కు) ఒకటి కొని దాని మీద వేయండి, పాత డిస్కును ఉన్నది ఉన్నట్టు ఊడదీసి పక్కన పెట్టండి. 256 జీబీ ఎస్ఎస్‌డీ అయినా చాలు. మెషీన్ వేగం ఎలాగూ పెరుగుతుంది, దానికంటే ముఖ్యం, మర్చిపోయింది ఏదైనా సరే పాత డిస్కులో మీ కోసం ఉంటుంది.

ఏ దారిలో పోవాలి

ముందు మీ మెషీన్‌కి విండోస్ 11 పడుతుందో లేదో చూడండి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది వేసి నడిపిస్తే చెప్పేస్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, 64 బిట్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ (మెషీన్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు), ఇవి ఉండాలి. కాగితం మీద 4 జీబీ అన్నారు గానీ పనికి 8 జీబీ పెట్టుకోండి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైవాటికే పడుతుంది. ఐ5 అని రాసి ఉంది కదా అని నమ్మొద్దు, ఐ5లో మూడో తరం కూడా ఉంది. మన దగ్గర హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చే ఆఫీసు డెస్క్‌టాప్‌లలో పాత తరాలు చాలా కనిపిస్తాయి, కొనేటప్పుడే సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిపించి ప్రాసెసర్ నంబర్ చూసుకోండి.

టీపీఎం లేదని వస్తే వెంటనే నిరాశపడొద్దు. చాలా మెషీన్లలో అది ఉంటుంది, బయాస్‌లో (మెషీన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు తెరిచే సెట్టింగుల పేజీ) ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పేరు ఉంటుంది, ఆన్ చేస్తే సరి. కానీ పాత విండోస్ లెగసీ అనే పాత పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత ఏర్పాటు ఉన్న డిస్కు మీద వేసి ఉంటే, బయాస్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చి సెక్యూర్ బూట్ ఆన్ చేయగానే మెషీన్ లేవదు. భయపడాల్సింది లేదు, మార్చింది వెనక్కి మారిస్తే లేస్తుంది. ఆ డిస్కును జీపీటీ అనే కొత్త ఏర్పాటుకి మార్చడం తెలిసినవాళ్ల చేత చేయించండి.

పడని మెషీన్‌కి దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి. లెక్కలు, డబ్బు వ్యవహారం ఉన్న మెషీన్‌కి నేను ఆ పని చేయను, ఎవరు అడిగినా చేయొద్దనే చెప్తాను. అలాంటివాళ్లకి రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, విండోస్ 10కి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని 2026 అక్టోబర్ 13 దాకా గడువు ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు, ఈలోపు మెషీన్ సంగతి ఆలోచించుకోవచ్చు. రెండోది, నెట్ చూడటం, ఉత్తరాలు టైప్ చేయడం, పిల్లల చదువు, ఇంతవరకే అయితే విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోండి, పాత మెషీన్ మీద కూడా హాయిగా నడుస్తుంది. పేజ్‌మేకర్, లెక్కలు రాసే ట్యాలీ మీద బతికేవాళ్లకి మాత్రం అది కుదరదు.

మెషీన్‌కి పడుతుంది అంటే మళ్లీ రెండు రకాలు. ఉన్న విండోస్ మీదే ఎక్కించడం ఒకటి, కొత్తగా శుభ్రంగా వేయడం ఇంకోటి. నేను పైన చెప్పిన కొత్త ఎస్ఎస్‌డీ పద్ధతి రెండోది, మొదటిదే కావాలనుకునేవాళ్లు ఇది తెలుసుకోండి. మీద ఎక్కించేటప్పుడు సెటప్ మూడు ప్రశ్నలు చూపిస్తుంది: ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచాలా, ఫైళ్లు మాత్రమే ఉంచాలా, ఏమీ ఉంచొద్దా. మొదటిదే ఎంచుకోవాలి. మొదటిది బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే అక్కడే ఆపండి, మీరు తెచ్చిన విండోస్ భాష గానీ ఎడిషన్ గానీ పాతదానితో కలవలేదన్నమాట. 32 బిట్ నుంచి 64 బిట్‌కి ఇలా మీద ఎక్కించడం కుదరదు, విండోస్ 7 నుంచి 11కి కూడా యాప్‌లతో సహా నేరుగా రాదు.

మీద ఎక్కిస్తే పాత విండోస్ అంతా సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పడుతుంది. నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి పాతదానికి తిరిగి పోవచ్చు, కానీ దానికి గడువు 10 రోజులే. ఆ తర్వాత విండోస్ తనంతట తానే ఆ ఫోల్డర్‌ని తీసేస్తుంది. "అందులో ఉంది కదా, నెమ్మదిగా చూసుకుందాం" అని ఊరుకుని నెల తర్వాత వచ్చినవాళ్లు నా దగ్గర ఉన్నారు, వాళ్లకి నేను చేయగలిగింది పెద్దగా లేకపోయింది.

ఇంకో మాట, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మా దగ్గర ఎండాకాలం గాలిదుమారం వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, మధ్యలో ఆగితే సగం ఎక్కిన విండోస్‌తో టెన్షన్. పాత యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందురోజు ప్లగ్ తీసి చూసుకోండి.

ఒక రోజు పుస్తకం పక్కన పెట్టుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ చేయనిది కూడా ఇదే. విండోస్ మార్చాలనుకున్న రోజుకి రెండు మూడు రోజుల ముందు, పొద్దున మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి రాత్రి ఆపేదాకా, మీరు ఏది తెరిచినా పక్కన పుస్తకంలో రాయండి. ఏ ప్రోగ్రామ్, ఏ సైట్, ఏ ప్రింటర్, ఏ పెన్‌డ్రైవ్ లాంటి పరికరం. అక్కడ పాస్‌వర్డ్ మీరు టైప్ చేశారా, దానంతట అదే వచ్చిందా అన్నది కూడా రాయండి. దానంతట అది వచ్చింది అంటే అది మీకు గుర్తు లేదని అర్థం.

నెలకోసారి, ఏడాదికోసారి చేసే పనులు ఆ ఒక్క రోజులో కనపడవు కాబట్టి వాటిని విడిగా గుర్తు చేసుకోండి: జీఎస్టీ రిటర్ను, ఐటీ, టెండర్ వేసేవాళ్లకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, స్కూలు వాళ్లకి పరీక్షల సీజన్‌లో తీసే ఫార్మాట్లు. మీ సేవ నడిపేవాళ్లయితే వేలిముద్ర పరికరం, దాన్ని నడిపే ఆర్‌డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్, స్కానర్.

రాసేటప్పుడే ఫోన్‌తో ఫొటోలు తీయండి. ప్రింటర్ ప్రాపర్టీస్ పేజీ, పేపర్ సైజుల లిస్టు, కీబోర్డ్ సెట్టింగులు, టాస్క్‌బార్, వైఫై పాస్‌వర్డ్ కనపడే పేజీ, ట్యాలీ కాన్ఫిగరేషన్. సెట్టింగులు ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మోసుకుపోయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఎక్స్‌పీ రోజుల్లో ఫైల్స్ అండ్ సెట్టింగ్స్ ట్రాన్స్‌ఫర్ విజార్డ్ ఉండేది, విస్టా, 7లో ఈజీ ట్రాన్స్‌ఫర్ ఉండేది, విండోస్ 10కి వచ్చేసరికి అది తీసేశారు. ఇప్పుడు విండోస్ బ్యాకప్ అని ఉంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మీ ఫోల్డర్లు, కొన్ని సెట్టింగులు, యాప్‌ల లిస్టు తీసుకెళ్తుంది. వాడండి, మంచిదే, కానీ యాప్‌ల లిస్టు అంటే లిస్టే, పాత పేజ్‌మేకర్‌ని అది తెచ్చి వేయదు. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే చోటు కూడా 5 జీబీయే. ఇరవై ఫొటోలు తీసి పెట్టుకోవడం నాకు వీటన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఏది ఎక్కడ ఉంటుంది

సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్, దాంట్లో మీ పేరుతో ఇంకో ఫోల్డర్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ అన్నీ దాంట్లోనే ఉంటాయి. డౌన్‌లోడ్స్‌ని చెత్త అనుకుని వదిలేయొద్దు. వాట్సాప్‌లో వచ్చిన పత్రిక మ్యాటర్లు, ఆధార్ కాపీలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు చాలామందికి అక్కడే పడి ఉంటాయి.

ఆ ఫోల్డర్‌లోనే యాప్‌డేటా అని ఒకటి దాగి ఉంటుంది, మామూలుగా కనపడదు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తే మసకగా కనపడుతుంది. బ్రౌజర్ల బుక్‌మార్కులు, వర్డ్ టెంప్లేట్లు, స్టిక్కీ నోట్స్, ఫొటోషాప్ సెట్టింగులు అన్నీ దాంట్లో ఉంటాయి. దీన్ని మొత్తంగా కాపీ చేసి పక్కన ఉంచుకోండి, కానీ కొత్త విండోస్‌లోకి మొత్తంగా దింపొద్దు. పాత ప్రోగ్రామ్‌ల అవశేషాలు అన్నీ వచ్చి కొత్త మెషీన్ మొదటి రోజే నత్తనడక నడుస్తుంది. కావలసింది ఒక్కొక్కటే ఏరుకోవాలి.

ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేస్తే సాఫ్ట్‌వేర్లు వచ్చేస్తాయి అనుకునేవాళ్లు ఉన్నారు. రావు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు), విండోస్ ఫోల్డర్‌లో వేసుకున్న వివరాలు ఆ కాపీతో రావు. సెటప్ ఫైలు, లైసెన్స్ కీ దగ్గర పెట్టుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. పాత సీడీలో ఉంటే, కొత్త మెషీన్లలో సీడీ డ్రైవ్ ఉండదు కాబట్టి, ఉన్న మెషీన్‌లోనే దాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

ఫాంట్లు రెండు చోట్ల ఉంటాయి. అందరికీ తెలిసింది విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్. రెండోది, ఫాంటు మీద రైట్ క్లిక్ కొట్టి ఉత్త ఇన్‌స్టాల్ నొక్కితే విండోస్ 10లో అది మీ యూజర్ పేరు కిందకి, యాప్‌డేటా లోపల లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే చోటికి పోతుంది. రెండు ఫోల్డర్లూ కాపీ చేయండి. కొత్తదాంట్లో వేసేటప్పుడు ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ ఎంచుకోండి, పాత సాఫ్ట్‌వేర్లకి అవి సరిగ్గా కనపడతాయి.

తెలుగులో టైప్ చేసేవాళ్లకి ఇంకో విషయం. పాత వర్డ్ ఫైళ్లు చాలావరకు గౌతమి ఫాంటులో ఉంటాయి. విండోస్ 10, 11 శుభ్రంగా వేస్తే గౌతమి రాదు, దాని బదులు నిర్మల అనే ఫాంటు ఉంటుంది. అక్షరాలు కనపడతాయి, కానీ వెడల్పు తేడా వల్ల లైన్లు జరిగి ఒక పేజీ అఫిడవిట్ రెండు పేజీలవుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎంచుకుని వేస్తే గౌతమి, వాణి రెండూ వచ్చేస్తాయి. ఐదు నిమిషాల పని. ఇది తెలియక ఫైళ్లన్నీ మళ్లీ సర్దుకుంటూ కూర్చున్న డాక్యుమెంట్ రైటర్‌ని చూశాను నేను, పాపం రాత్రి తొమ్మిదిదాకా చేశాడు.

క్రోమ్ విషయానికి వస్తే, గూగుల్ అకౌంట్‌తో సింక్ ఆన్‌లో ఉందా చూడండి, ఉంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు కొత్తదాంట్లో సైన్ ఇన్ అవగానే వస్తాయి. లేకపోతే బుక్‌మార్క్ మేనేజర్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఫైలుగా దాచండి. క్రోమ్ ఫోల్డర్ కాపీ చేస్తే పాస్‌వర్డ్‌లు కూడా వస్తాయనుకోవద్దు, అవి ఆ విండోస్ అకౌంట్‌కి ముడిపడిన తాళంతో లాక్ అయి ఉంటాయి, వేరే మెషీన్‌లో తెరుచుకోవు. పాస్‌వర్డ్ మేనేజర్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేయాలి. అలా వచ్చే ఫైలులో అన్ని పాస్‌వర్డ్‌లూ మామూలు అక్షరాల్లో ఎవరు తెరిచినా చదివేలా ఉంటాయి, కొత్తదాంట్లోకి ఎక్కించగానే దాన్ని చెరిపేయండి, పెన్‌డ్రైవ్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ కూడా. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి ఇది తేలిక, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం ఎత్తి పెడితే పాస్‌వర్డ్‌లతో సహా వస్తుంది.

ట్యాలీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో మెషీన్ మార్చారు, మార్చినవాళ్లు డెస్క్‌టాప్ మీది ట్యాలీ బొమ్మని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేశారు. కొత్త మెషీన్‌లో నొక్కితే తెరుచుకోలేదు, గుమస్తా నన్ను పిలిచాడు. పోయి పెన్‌డ్రైవ్ చూస్తే ఆ బొమ్మ సైజు 2 కేబీ. అది షార్ట్‌కట్, ఇంటి తలుపు మీద రాసిన నంబర్ లాంటిది, ఇల్లు అక్కడ లేదు. వాళ్ల అదృష్టం, పాత డిస్కు ఇంకా బీరువాలో ఉంది. ట్యాలీలో కంపెనీల లెక్కలన్నీ "డేటా" అనే ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉంటాయి, ఒక్కో కంపెనీకి ఒక్కో అంకె. కంపెనీ ఎంచుకునే పేజీలోనే ఆ డేటా ఏ దారిలో ఉందో పైన కనపడుతుంది, దాన్ని ఫొటో తీయండి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ తీయండి. దాంతోపాటు ట్యాలీ మూసేసి ఆ డేటా ఫోల్డర్‌ని విడిగా కూడా కాపీ చేయండి. లైసెన్స్‌ని పాత మెషీన్‌లో సరెండర్ చేయడం మర్చిపోవద్దు, అది నెట్ ఉన్నప్పుడే చేయాలి, డిస్కు ఊడదీశాక గుర్తొస్తే మళ్లీ తగిలించాల్సి వస్తుంది.

ఫొటో స్టూడియో వాళ్లకి ఫొటోషాప్ యాక్షన్లు ప్రాణం. యాక్షన్స్ ప్యానెల్‌లో సెట్ ఎంచుకుని సేవ్ యాక్షన్స్ కొట్టి దాచుకోండి. బ్రష్‌లు, స్టైల్స్‌కి ఎడిట్ మెనూలో ప్రీసెట్స్ కింద ఎక్స్‌పోర్ట్ ఉంది. అవుట్‌లుక్ వాడే ఆఫీసులైతే పీఎస్‌టీ అనే ఫైలు వెతకండి, మెయిల్ అంతా అందులో ఉంటుంది. ఓఎస్‌టీ అనేది సర్వర్ నుంచి దింపుకున్న కాపీ మాత్రమే.

కాపీ చేసేటప్పుడు

కాపీ మొదలుపెట్టేముందు బ్రౌజర్లు, ట్యాలీ, అవుట్‌లుక్ అన్నీ మూసేయండి. తెరిచి ఉన్న ఫైలు సరిగ్గా కాపీ కాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు దాంట్లోకి పోదు, పెండ్లి వీడియోలన్నీ అక్కడే ఆగుతాయి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి వాడండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకి 30 ఎంబీ వస్తే గొప్ప, అంటే 100 జీబీకి గంట. లోపల నీలం రంగు ఉన్న పోర్టు ఉంటే సాధారణంగా అది 3.0, దాంట్లో పెట్టండి.

వన్‌డ్రైవ్ ఉన్న మెషీన్లలో ఒక మోసం లాంటిది జరుగుతుంది. డెస్క్‌టాప్ మీద ఫైలు కనపడుతుంది, పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉంటే ఫైలు మీ డిస్కులో లేదు, పేరు మాత్రమే ఉంది, అసలుది నెట్‌లో ఉంది. పాత డిస్కు ఊడదీసి వేరేచోట తగిలిస్తే అది తెరుచుకోదు. ముందే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ ఎంచుకుని, అన్నిటికీ ఆకుపచ్చ టిక్ వచ్చేదాకా ఆగండి.

కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య సరిపోయిందా చూడండి. అంతటితో ఊరుకోకుండా ఒక పాత ఫైలు, ఒక పెద్ద వీడియో, ఒక నిన్నటి ఫైలు, వేరే మెషీన్‌లో పెట్టి తెరిచి చూడండి. పెన్‌డ్రైవ్ మీద రాసిన సైజుకీ లోపల నిజంగా పట్టేదానికీ పొంతన లేని నకిలీలు బజార్లో ఉన్నాయి, అలాంటిదాంట్లో ఫైలు పేరు కనపడుతుంది, తెరిస్తే ఖాళీ.

ల్యాప్‌టాప్ అయితే బయాస్ ముట్టుకునేముందు, డిస్కు తీసేముందు, బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్కు మొత్తానికీ తాళం వేసే ఏర్పాట్లు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది, సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. పుస్తకంలో రాసుకోండి. అది లేకుండా ఆ డిస్కులోంచి ఒక్క ఫొటో కూడా ఎవరూ తీసివ్వలేరు, ఎంత డబ్బిచ్చినా.

కొత్తది వేశాక

ఎస్ఎస్‌డీ మీద విండోస్ వేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేసి ఉంచండి, పొరపాటున దాన్నే ఎంచుకునే ప్రమాదం ఉండదు. విండోస్ 10కి డిజిటల్ లైసెన్స్ ఉన్న మెషీనే అయితే, అదే ఎడిషన్ వేస్తే మదర్‌బోర్డుని గుర్తుపట్టి 11 తనంతట తానే యాక్టివేట్ అవుతుంది, నెట్ ఉంటే చాలు.

వరస ఇలా పెట్టుకోండి: మొదట విండోస్ అప్‌డేట్లు పూర్తిగా, తర్వాత డ్రైవర్లు, ఆ తర్వాత ఫాంట్లు, అప్పుడు సాఫ్ట్‌వేర్లు, చివరికి మీ ఫైళ్లు. పాత ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో మాత్రం ఇదంతా మొదలుపెట్టకముందే కంపెనీ సైట్‌లో చూసుకోవాలి, లేకపోతే ప్రింటరే మార్చాల్సి వస్తుంది.

తర్వాత పాత డిస్కును యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి తగిలించండి. యూజర్స్‌లో మీ పేరు ఫోల్డర్ తెరవబోతే మీకు అనుమతి లేదు అంటుంది. కంగారు పడొద్దు, కంటిన్యూ నొక్కి కాసేపు ఆగండి, వేల ఫైళ్లు ఉంటాయి కాబట్టి పది నిమిషాలు పట్టినా పట్టొచ్చు.

డిజైన్ పని చేసేవాళ్లు ఒకటి గమనించాలి. పేజ్‌మేకర్ ఫైలులో పెట్టిన వినాయకుడి బొమ్మ డి డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్ అని దారితో సహా గుర్తుంటుంది. కొత్త మెషీన్‌లో అదే ఫోల్డర్ E అక్షరం ఉన్న డ్రైవ్‌లోకి పోయి కూర్చుంటే బొమ్మలన్నీ దొరకలేదు అంటుంది. ఒక్కో ఫైలూ సరిచేసుకుంటూ కూర్చోకుండా, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డ్రైవ్‌కి పాత అక్షరం డి ఇచ్చేయండి. డి ఖాళీగా ఉండాలి, సీడీ డ్రైవ్ దాన్ని పట్టుకుని ఉంటే ముందు దాని అక్షరం మార్చండి.

ఇంకొన్ని చిన్నవి. ప్రింటర్లలో లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్ అనేది ఆపేయండి, లేకపోతే చివరగా వాడిన ప్రింటర్‌నే డిఫాల్ట్ చేసుకుంటుంది. కస్టమ్ పేపర్ సైజులు ఫొటోలు చూసి మళ్లీ ఎక్కించండి. యూనికోడ్‌లో టైప్ చేసేవాళ్లు లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపి, ఇన్‌స్క్రిప్ట్ గానీ ఫోనెటిక్ గానీ మీరు అలవాటుపడినదే ఉంచి రెండోది తీసేయండి, లేకపోతే టైపింగ్ మధ్యలో మారిపోయి చికాకు.

ఆ తర్వాత పుస్తకం తీయండి. రాసుకున్న ప్రతి పనినీ నిజంగా చేసి చూసి టిక్ పెట్టండి. బిల్లు ఒకటి ప్రింట్ కొట్టండి, ట్యాలీలో నిన్నటి ఎంట్రీ ఉందా చూడండి, పాత పత్రిక ఒకటి తెరవండి, వేలిముద్ర పెట్టి చూడండి, సిగ్నేచర్ టోకెన్ గుచ్చి చూడండి. గిరాకీ లేని ఆదివారం మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే సోమవారం పొద్దున ఇబ్బంది ఉండదు.

పాత డిస్కు మీద ఒక కాగితం అతికించి, ఎవరి మెషీన్‌ది, ఏ తేదీన తీశారు, బిట్‌లాకర్ ఉందా అన్నది రాసి, దుమ్ము తగలకుండా కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచండి. వ్యాపారం మెషీన్ అయితే ఒక జీఎస్టీ రిటర్ను, ఒక ఏడాది లెక్కల ముగింపు కొత్తదాంట్లో సాఫీగా జరిగేదాకా దాన్ని చెరపొద్దు. ఇంటి మెషీన్‌కి మూడు నెలలు చాలు. ఆ తర్వాత ఇంకోసారి తగిలించి, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఇంట్లోవాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూసి, అందరూ సరే అన్నాక ఫార్మాట్ చేసి, దాన్నే నెలనెలా బ్యాకప్ తీసుకునే డిస్కుగా వాడుకోండి.